నోటు వెనక దీవి

ఈ వారం డబ్బు మీది బొమ్మల గురించి.

రాజ్యం తన గొప్ప అనుకున్నదాన్ని డబ్బు మీద ముద్రిస్తుంది. శాతవాహనులు సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడను వేయించారు. ఆ ఓడను చెక్కిన వడ్రంగి, తెడ్డు వేసిన మనిషి నాణెం మీద లేరు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

పాత రెండు రూపాయల నోటు వెనక ఆర్యభట్ట ఉపగ్రహం ఉండేది. 1975 ఏప్రిల్ 19న అది సోవియట్ నేల మీంచి, సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. 2016లో వచ్చిన రెండు వేల నోటు వెనక మంగళ్‌యాన్. అది 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచి, మన రాకెట్ మీదే ఎగిరింది. ఈ రెండు నోట్ల మధ్య దేశం నడిచిన దూరం చిన్నది కాదు. దాన్ని తక్కువ చేయడం లేదు. రాకెట్ ఎగిరిన నేల ఎవరిదని మాత్రం అడుగుతున్నా.

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య దీవి అది. తూర్పున అంతా నీళ్లే, కాబట్టి రాకెట్ కూలినా ఊళ్ల మీద పడదు. భూమి తిరిగే వేగం కూడా తూర్పుకు ఎగిరే రాకెట్‌కు కలిసొస్తుంది. అందుకే 1969లో దాన్ని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది.

కానీ అది ఖాళీ దీవి కాదు. అక్కడ యానాదులున్నారు. తేనె, దుంపలు, మూలికలు, చేపలు వాళ్ల బతుకు. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లోనే శ్రీహరికోట యానాదుల ప్రస్తావన ఉంది. ఆ అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ పడవల్లో మద్రాసు పొయ్యిల దాకా వెళ్లాయి. రాకెట్ కేంద్రం వచ్చాక ఊళ్లు లేచిపోయాయి. 1894 నాటి భూసేకరణ చట్టం పట్టా ఉన్నవాడి నష్టాన్ని లెక్కగట్టింది. పట్టా లేనివాడి తేనెపట్టుకు ఏ లెక్క? అటవీ హక్కుల చట్టం 2006లో గానీ రాలేదు. అప్పటికి దీవి చేయి దాటి ముప్పై ఐదేళ్లు.

బాబాసాహెబ్ 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాశారు. రూపాయి విలువ పడితే లాభం వ్యాపారికి, నష్టం కూలికి అని చూపించారు. డబ్బును చూసినప్పుడల్లా మనం అడగాల్సింది అదే: లాభం ఎవరిది, ఖర్చు ఎవరిది?

మంగళ్‌యాన్ నోటును 2023 మే 19న ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. రెండు నెలలు తిరక్కముందే, జులై 14న, అదే దీవి నుంచి చంద్రయాన్-3 లేచింది. రేపు దాని పేర స్మారక నాణెం వేస్తే సంతోషమే. నాణెం మీద చోటు చాలదంటారు, సరే. పాఠ్యపుస్తకంలో చోటుంది కదా? కేంద్రం చూడటానికి వచ్చే పిల్లలకు చెప్పడానికి ఒక వాక్యం ఉంది కదా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. సూళ్లూరుపేట, తడ వైపు వెళితే యానాది కాలనీల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. దీవిలో తమ ఊరి పేరేమిటో, ఏ చెట్టు కింద ఏ దేవత ఉండేదో అడగండి. వాళ్లు ఒప్పుకుంటేనే రాసుకోండి. ఆ తరం వెళ్లిపోతే ఆ పేర్లు ఇంకెక్కడా దొరకవు.