అమెరికా కౌంటీ రోడ్లు: భద్రత, అభివృద్ధి పనుల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రాష్ట్రానికి దిగువన ఉండే స్థానిక పాలనా విభాగం కౌంటీ. మన జిల్లాతో పోల్చదగినదే అయినా దాన్ని నడిపేది కలెక్టరు కాదు, ఓటర్లు ఎన్నుకున్న బోర్డు. దేశంలో ఇలాంటివి మూడు వేలకు పైగా ఉన్నాయి. ప్రజా రహదారుల నిడివిలో సుమారు 45 శాతం, వంతెనల్లో మూడో వంతుకు మించి కౌంటీల అధీనంలోనే ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం పొలాలను ఊళ్లతోనూ, ఊళ్లను పెద్ద రహదారులతోనూ కలిపే రెండు వరుసల రోడ్లు. వాటి మీద రద్దీ తక్కువ, ప్రాణనష్టం ఎక్కువ. దేశ జనాభాలో గ్రామీణులు ఐదో వంతే అయినా, రోడ్డు ప్రమాద మరణాల్లో దాదాపు 40 శాతం గ్రామీణ రోడ్ల మీదే జరుగుతున్నాయి. బాధ్యత స్థానికులది, సొమ్ము పైవాళ్లది కావడం ఈ రోడ్ల చరిత్ర పొడవునా కనిపించే చిక్కు.

తొలినాళ్లు

వలస పాలన కాలం నుంచీ రోడ్డు పని స్థానిక వ్యవహారమే. చాలా రాష్ట్రాల్లో పని చేయగల వయసున్న మగవాళ్లు ఏటా కొన్ని రోజులు ఉచితంగా రోడ్డు పని చేయాలనే చట్టం ఉండేది. డబ్బు కట్టి తప్పించుకునే వీలూ ఉండేది. రైతులు పొలం పనులు లేని రోజుల్లో సొంత గుర్రాలు, నాగళ్లతో వచ్చి గుంతలు పూడ్చేవారు. పని తీరు తెలిసిన ఇంజినీరు ఎవరూ ఉండేవారు కాదు కాబట్టి, ఒక్క వానకే రోడ్డు మళ్లీ బురదయ్యేది.

1785 నాటి భూమి సర్వే శాసనం మధ్య పశ్చిమ రాష్ట్రాల రోడ్లకు శాశ్వత రూపం ఇచ్చింది. నేలను మైలు పొడవు, మైలు వెడల్పు గల గళ్లుగా కొలిచారు. తర్వాతి కాలంలో ఆ గళ్ల హద్దుల వెంటే రోడ్లు వేశారు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఉత్తర దక్షిణ రేఖలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ తేడాను సరిచేయడానికి సర్వేయర్లు అక్కడక్కడ గీతను పక్కకు జరిపారు. మైళ్ల తరబడి తిన్నగా సాగిన రోడ్డు అలాంటి చోట ఉన్నట్టుండి పక్కకు మళ్లుతుంది. గుర్రబ్బండికి ఇబ్బంది లేని ఆ మలుపులు కార్లు వచ్చాక ప్రమాద స్థలాలయ్యాయి.

మంచి రోడ్ల ఉద్యమం

మంచి రోడ్లు కావాలని మొదట గట్టిగా అడిగింది సైకిలు తొక్కేవాళ్లు. 1880లో ఏర్పడిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ ఈ ఉద్యమానికి ఊపిరి పోసింది. పన్నులు పెరుగుతాయన్న భయంతో రైతులు చాలాకాలం దీనికి దూరంగా ఉన్నారు. 1891లో న్యూజెర్సీ, కౌంటీల రోడ్లకు రాష్ట్ర నిధులిచ్చే చట్టం చేసింది. 1893లో కేంద్ర వ్యవసాయ శాఖ పది వేల డాలర్ల బడ్జెట్‌తో ఒక రోడ్డు విచారణ కార్యాలయం తెరిచి, జనరల్ రాయ్ స్టోన్‌ను అధిపతిగా నియమించింది. రోడ్డు ఎలా వేయాలో కళ్లకు కట్టేలా చిన్న నమూనా ముక్కలు వేసి చూపడం ఆ కార్యాలయం చేపట్టిన పనుల్లో ఒకటి.

రైతుల మనసు మార్చింది తపాలా. 1896లో మొదలైన గ్రామీణ ఉచిత బట్వాడా పథకం కింద ఇంటి గుమ్మానికి ఉత్తరాలు రావాలంటే రోడ్డు నడవదగినదై ఉండాలి. దాంతో కౌంటీలు తమంతట తామే మరమ్మతులకు దిగాయి. దాదాపు అదే కాలంలో మిస్సౌరీ రాష్ట్రం హోల్ట్ కౌంటీ రైతు డి. వార్డ్ కింగ్ ఒక చవక ఉపాయం ప్రచారం చేశాడు. దుంగను నిలువునా రెండుగా చీల్చి, రెండు ముక్కలను వెనకా ముందూ బిగించి, వాన వెలిశాక గుర్రాలతో ఏటవాలుగా ఈడ్పించేవాడు. అంచుల్లోని మెత్తటి మట్టి మధ్యకు చేరి, రోడ్డు నడిమి భాగం ఉబ్బెత్తుగా తయారయ్యేది. నీళ్లు పక్క కాలువల్లోకి జారిపోయేవి. వేల మైళ్ల మట్టి రోడ్లు ఈ పద్ధతితోనే బాగుపడ్డాయి.

దక్షిణాది రాష్ట్రాల కథ వేరు. జార్జియా 1908లో ఖైదీలను ప్రైవేటు యజమానులకు అద్దెకిచ్చే పద్ధతిని రద్దు చేసి, వాళ్లను కౌంటీ రోడ్ల పనికి మళ్లించింది. కాళ్లకు గొలుసులతో, ఆయుధాల కాపలాలో పనిచేసిన వారిలో అత్యధికులు నల్లజాతివారు. అక్కడ అనేక కౌంటీల రోడ్లు ఈ బలవంతపు చాకిరీతో తయారయ్యాయి.

కాంక్రీటు, నడిమి గీత

కౌంటీలు కొత్త పద్ధతులకు ప్రయోగశాలలుగా మారడానికి మిషిగన్ రాష్ట్రంలోని వేన్ కౌంటీ ప్రసిద్ధ ఉదాహరణ. డెట్రాయిట్ నగరం ఈ కౌంటీలోనే ఉంది. 1906లో ఏర్పడిన ఆ కౌంటీ రోడ్డు కమిషన్ తొలి సభ్యుల్లో కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్, ముద్రాపకుడూ సైకిలు ఉద్యమకారుడూ అయిన ఎడ్వర్డ్ హైన్స్ ఉన్నారు. 1909లో వుడ్‌వర్డ్ అవెన్యూపై సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల నడుమ ఒక మైలు మేర, దాదాపు 18 అడుగుల వెడల్పున కాంక్రీటు రోడ్డు వేశారు. ఖర్చు 13 వేల డాలర్లకు పైనే అయింది. బరువైన వాహనాలకు అది ఎలా తట్టుకుంటుందో చూడడానికి దూర ప్రాంతాల నుంచి ఇంజినీర్లు వచ్చేవారు.

రోడ్డు మధ్యన గీత గీసే ఆలోచన కూడా హైన్స్‌కే వచ్చింది. 1911లో ట్రెంటన్ దగ్గర రివర్ రోడ్డుపై అది అమలైంది. కారుతున్న పాల బండి రోడ్డుపై వదిలిన తెల్లటి చార ఆయనకు ఈ ఆలోచన ఇచ్చిందని చెబుతారు. ఈ ఘనత తమదేననే వాళ్లు ఇంకా ఉన్నారు. 1917లో మిషిగన్‌లోని మార్కెట్ కౌంటీ ఇంజినీరు కెనెత్ సాయర్ ఒక ప్రమాదకర మలుపు వద్ద గీత వేయించాడు. అదే ఏడు ఒరెగాన్‌లోని మల్ట్‌నోమా కౌంటీలో షెరిఫ్ కార్యాలయ అధికారి పీటర్ రెక్స్‌ఫర్డ్ చొరవతో పసుపు గీత పడింది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీలో డాక్టర్ జూన్ మెక్‌కారోల్ కారును ఎదురుగా వచ్చిన లారీ ఒకటి రోడ్డు దింపేసింది. కౌంటీ అధికారులకు చెప్పినా కదలిక లేకపోవడంతో ఆమె ఇండియో దగ్గర తానే గీత గీసి చూపింది. మహిళా సంఘాలతో కలిసి ఏళ్ల తరబడి పట్టుబట్టాక, 1924లో రాష్ట్రం ఆ పద్ధతిని చేపట్టింది. ఎవరు ముందన్నది ఎలా ఉన్నా, ఈ ప్రయోగాలన్నీ కౌంటీల నేల మీదే జరిగాయి.

నిధులు, పెత్తనం

1916 నాటి కేంద్ర సహాయ రోడ్డు చట్టం, నిధులు కావాలంటే ప్రతి రాష్ట్రానికీ రహదారుల శాఖ ఉండాలని షరతు పెట్టింది. 1921 చట్టం ఆ సాయాన్ని రాష్ట్రంలోని రోడ్లలో 7 శాతానికి పరిమితం చేసింది. ముఖ్య మార్గాలు ముందుగా పూర్తి కావడానికి అది పనికొచ్చింది కానీ, మిగిలిన 93 శాతంలో దాదాపు అన్నీ కౌంటీల, పట్టణాల రోడ్లే. 1919లో ఒరెగాన్ పెట్రోలుపై గాలనుకు ఒక సెంటు పన్ను వేసి కొత్త దారి చూపింది. పదేళ్లు తిరిగేసరికి అన్ని రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. కౌంటీలకు మాత్రం భూమి పన్నే ప్రధాన ఆధారంగా మిగిలింది.

1930ల ఆర్థిక మాంద్యంలో రైతులు ఆ పన్ను కట్టలేకపోయారు. 1931లో నార్త్ కరోలినా, 1932లో వర్జీనియా, 1933లో వెస్ట్ వర్జీనియా కౌంటీ రోడ్లను రాష్ట్రాల పరం చేశాయి. వర్జీనియాలో నేటికీ సొంత రోడ్లు చూసుకునే కౌంటీలు హెన్రికో, ఆర్లింగ్టన్ మాత్రమే. మిగతా దేశంలో ఉపాధి పథకాలు ఆదుకున్నాయి. 1935లో మొదలైన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ ఎనిమిదేళ్లలో ఆరు లక్షల మైళ్లకు పైగా రోడ్లను వేసింది లేదా బాగుచేసింది. పొలం నుంచి సంతకు పోయే రోడ్లకు కేంద్ర నిధుల్లో 30 శాతం వాటా కేటాయించింది 1944 చట్టం.

తప్పు ఎవరిది

1960ల వరకూ ప్రమాదమంటే డ్రైవరు తప్పిదమనే భావన బలంగా ఉండేది. 1965లో న్యాయవాది రాల్ఫ్ నాడర్ కార్ల తయారీ లోపాలపై పుస్తకం ప్రచురించాడు. 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రత, రహదారి భద్రత చట్టాలపై సంతకం చేశాడు. 1972లో రోడ్డు ప్రమాద మృతులు 54 వేలు దాటారు. ఆ మరుసటి ఏడాది చట్టం ప్రమాదాలు పదేపదే జరిగే చోట్లకు (బ్లాక్ స్పాట్లకు), రైల్వే క్రాసింగులకు ప్రత్యేక నిధులిచ్చింది.

ఇంజినీర్ల దృక్పథం మారడం అంతకన్నా పెద్ద మలుపు. వాహనం రోడ్డు దిగితే మనిషి చావనక్కర్లేదని జనరల్ మోటార్స్ పరీక్షా క్షేత్రంలో కెనెత్ స్టోనెక్స్ చేసిన పరిశోధన చూపింది. రోడ్డు పక్కన చెట్లు, స్తంభాలు లేని ఖాళీ స్థలం వదలడం, కారు తగలగానే విరిగిపోయే సైన్ బోర్డు కాళ్లు వాడడం, కాలువ గట్లను ఏటవాలుగా మలచడం ప్రమాణాలుగా స్థిరపడ్డాయి. పెద్ద రహదారుల్లో ఇవి త్వరగా అమలయ్యాయి. కౌంటీ రోడ్లలో కంచె దాకా పొలమే కాబట్టి, స్థలమూ సొమ్మూ రెండూ అడ్డొచ్చాయి.

వంతెనలు

1967 డిసెంబరు 15 సాయంత్రం ఒహాయో నదిపై ఉన్న సిల్వర్ వంతెన కూలి 46 మంది చనిపోయారు. వంతెనను మోసే ఉక్కు కడ్డీల్లో ఒకదానికి వచ్చిన చిన్న పగులు అందుకు కారణం. అది కౌంటీ వంతెన కాకపోయినా దాని ప్రభావం ప్రతి కౌంటీకీ తాకింది. 1971లో జాతీయ వంతెన తనిఖీ ప్రమాణాలు వచ్చాయి, రెండేళ్లకోసారి తనిఖీ చేయడం రివాజైంది. 1978 చట్టం కేంద్ర సాయ జాబితాలో లేని స్థానిక వంతెనలకు సైతం తనిఖీలను, నిధులను విస్తరించింది. పాత ఇనుప, కలప వంతెనలపై బరువు పరిమితి బోర్డులు వెలిశాయి. బోర్డు పెట్టిన చోట పంట లారీలు, బడి బస్సులు మైళ్ల కొద్దీ చుట్టు తిరగాల్సి వచ్చేది. అందుకే వంతెన మార్పిడి చాలా కౌంటీల్లో రోడ్డు విస్తరణ కంటే ముందు వరుసలో నిలిచింది.

చవక పనులు

గ్రామీణ ప్రమాదాలు ఒకచోట పోగుపడవు. ఒక మలుపులో ఈ ఏడు ఒకరు మరణిస్తే, మరుసటి ఏడు మరో మలుపులో ఇంకొకరు పోతారు. బ్లాక్ స్పాట్ల జాబితా ఇక్కడ పెద్దగా పనిచేయదు. దాంతో ప్రమాదం జరిగిన చోటు కాక, జరిగే స్వభావం ఉన్న చోట్లన్నీ గుర్తించే పద్ధతి వచ్చింది. మిన్నెసోటా ఈ పద్ధతిలో తన 87 కౌంటీలకూ విడివిడిగా భద్రతా ప్రణాళికలు తయారు చేయించింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని థర్స్టన్ కౌంటీ మలుపులను పరిశీలించి బోర్డులు పెట్టింది. అంతకుముందే కాలిఫోర్నియాలోని మెండొసినో కౌంటీ 1990లలో సైన్ బోర్డులను సమీక్షించి సరిచేసింది. సమీక్షించిన రోడ్లపై ఆరేళ్లలో ప్రమాదాలు దాదాపు 42 శాతం తగ్గాయి.

తారు అంచు కథ ఈ ఆలోచనా ధోరణికి మంచి నిదర్శనం. తారు పొర మీద పొర వేసేకొద్దీ రోడ్డు అంచు మెట్టులా పైకి లేస్తుంది. చక్రం ఆ మెట్టు దిగగానే డ్రైవరు కంగారుగా స్టీరింగు తిప్పుతాడు. టైరు గోడ అంచుకు ఒరుసుకుని కాసేపు ఎక్కదు, ఎక్కిన క్షణంలో కారు ఎదుటి వరుసలోకి దూసుకుపోతుంది. తారు పరిచే యంత్రానికి ఒక ఇనుప పలక బిగించి, అంచును సుమారు 30 డిగ్రీల వాలుగా నొక్కితే చక్రం సాఫీగా పైకి వస్తుంది. దీనికయ్యే అదనపు ఖర్చు నామమాత్రం.

డ్రైవరును హెచ్చరించేందుకు రోడ్డుపై చెక్కే గాడులు (రంబుల్ స్ట్రిప్స్), వెడల్పాటి అంచు గీతలు, మలుపు బాణాల బోర్డులు ఇదే కోవలోవి. చక్రం గాడుల మీద పడితే వచ్చే మోత ఇళ్లకు ఇబ్బందిగా ఉందని ఫిర్యాదులు రావడంతో, మిన్నెసోటాలో అలల ఆకారపు గాడులను పరీక్షించారు. గ్రామీణ కూడళ్లలో రౌండబౌట్లకు మొదట వ్యతిరేకత ఎదురైంది. కోత యంత్రాలు, పొడవాటి లారీలు తిరగలేవని రైతులు భయపడ్డారు. మధ్య దిమ్మె చుట్టూ చక్రాలు ఎక్కగలిగే చదును అంచు వేసి ఆ సమస్య తీర్చారు. రెండువైపుల మాత్రమే స్టాప్ బోర్డులున్న కూడలిని రౌండబౌట్‌గా మారిస్తే మరణాలు, గాయాలు కలిగించే ప్రమాదాలు 82 శాతం తగ్గుతాయని కేంద్ర రహదారుల సంస్థ లెక్క.

ఓటర్లు వేసుకున్న పన్ను

కేంద్ర పెట్రోలు పన్ను 1993 నుంచి గాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ అంతకుముందే సొంత దారి వెతుక్కుంది. సన్నీవేల్, క్యూపర్టీనో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు రోజూ నడిపే లారెన్స్, సెంట్రల్, మాంటేగ్ ఎక్స్‌ప్రెస్‌వేలు ఈ కౌంటీవే. 1961లో ఓటర్లు ఆమోదించిన 7 కోట్ల డాలర్ల బాండ్లతో వాటి నిర్మాణం మొదలైంది. 1984లో ఇక్కడి ఓటర్లు రహదారుల కోసం అర సెంటు అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. 85, 101, 237 నంబరు రహదారుల పనులు ఆ డబ్బుతో జరిగాయి.

అందరికీ అలాంటి ఆదాయం లేదు. జనం పలుచగా ఉన్న కౌంటీల్లో 2010 ప్రాంతంలో నిధులు చాలక తారు రోడ్లను తవ్వి మళ్లీ కంకర రోడ్లుగా మార్చిన సందర్భాలు మిషిగన్, నార్త్ డకోటాల్లో ఉన్నాయి.

ఇటీవలి కాలం

2005 నాటి కేంద్ర చట్టం రోడ్డు భద్రతకు ప్రత్యేక నిధిని నెలకొల్పి, ప్రమాదకర గ్రామీణ రోడ్లకు ఏటా 9 కోట్ల డాలర్లు కేటాయించింది. 2021 నవంబరు 15న అమల్లోకి వచ్చిన మౌలిక వసతుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. స్థానిక సంస్థలు రాష్ట్రాన్ని దాటి నేరుగా దరఖాస్తు చేసుకునే 500 కోట్ల డాలర్ల భద్రతా గ్రాంటును ఐదేళ్లకు ప్రకటించింది. కేంద్ర సాయ జాబితాలో లేని స్థానిక వంతెనలకు వంతెనల నిధి నుంచి పూర్తి ఖర్చు భరించే వీలు కల్పించింది. భద్రతా గ్రాంటుకు మాత్రం కార్యాచరణ ప్రణాళిక రాయాలి, 20 శాతం సొంత వాటా తేవాలి. పెద్ద కౌంటీలకు ఇది సులువే. సొంత ఇంజినీరైనా లేని కౌంటీలు 1980ల నుంచి నడుస్తున్న స్థానిక సాంకేతిక సహాయ కేంద్రాల మీదా, పొరుగు కౌంటీలతో ఉమ్మడి దరఖాస్తుల మీదా ఆధారపడుతున్నాయి.