ఉత్తరానికొక ఫైల్: ఎం.హెచ్. మెయిల్ వ్యవస్థ పూర్వాపరాలు

1970వ దశకం ద్వితీయార్ధం నాటికి అర్పానెట్‌తో అనుసంధానమైన పరిశోధన సంస్థలలో ఈ-మెయిల్ నిత్యావసరమైంది. కాలిఫోర్నియాలోని రాండ్ సంస్థ యూనిక్స్ కోసం ఎం.ఎస్. అనే మెయిల్ ప్రోగ్రామ్‌ను తయారుచేసుకుంది. చదవడం, రాయడం, భద్రపరచడం అన్నీ ఆ ఒక్క ప్రోగ్రామ్ లోపలే సాగేవి. 1977లో స్టాక్టన్ గెయిన్స్, నార్మన్ షపిరో ఒక అంతర్గత పత్రంలో ఈ పద్ధతికి ప్రత్యామ్నాయం ప్రతిపాదించారు. ఫైళ్లను నిర్వహించే సాధనాలు యూనిక్స్‌లో ఉండగా ఉత్తరాల కోసం వేరొక ప్రపంచాన్ని నిర్మించనక్కరలేదన్నది దాని సారం. బ్రూస్ బోర్డెన్ దానిని ఆచరణలో పెట్టగా, 1979లో ఎం.హెచ్. కరదీపిక వెలువడింది.

అప్పటి యూనిక్స్ ఆనవాయితీ ప్రకారం ఉత్తరాలన్నీ ఒకే ఫైల్‌లో వరుసగా చేరేవి. ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలైన పంక్తి కొత్త ఉత్తరానికి గుర్తు. ఉత్తరం లోపలి పంక్తి ఏదైనా అదే మాటతో మొదలైతే దాని ముందు మరొక గుర్తు చేర్చవలసివచ్చేది. అంటే భద్రపరిచే పద్ధతే మూలపాఠాన్ని మార్చేది. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి ఈ చిక్కు కొత్తదేమీ కాదు.

ఎం.హెచ్.లో ప్రతి ఉత్తరమూ ఒక అంకె పేరుగా గల ఫైల్. ఫోల్డర్ అంటే మామూలు డైరెక్టరీయే. ‘ఇంక్’ కొత్త ఉత్తరాలను తెస్తుంది, ‘స్కాన్’ జాబితా ఇస్తుంది, ‘షో’ చూపుతుంది, ‘రీఫైల్’ వేరే ఫోల్డర్‌కు చేరుస్తుంది. తొలగించే ఆదేశం సాధారణంగా ఫైల్ పేరు ముందు ఒక కామా చేర్చి ఊరుకుంటుంది. కనుక పొరపాటున తీసేసిన ఉత్తరాన్ని కొంతకాలం తిరిగి పొందవచ్చు. ప్రతి ఆదేశమూ పని ముగించి తప్పుకుంటుంది గనుక, చివరిగా ఏ ఫోల్డర్‌లో పని జరిగిందో గుర్తుంచుకోవడానికీ ఒక ఫైలే ఆధారం. వాడుకరికి దక్కిన అసలు లాభం ఉత్తరాలపై స్వాధీనత: ఎం.హెచ్. లేని యంత్రంలోనూ వాటిని చదువుకోవచ్చు.

ఇందుకు మూల్యం లేకపోలేదు. చిన్న ఉత్తరమైనా డిస్క్‌లో కనీసం ఒక ఫైల్‌కు పట్టే చోటు ఆక్రమించేది. వేల ఉత్తరాల ఫోల్డర్‌కు జాబితా కావాలంటే అన్ని ఫైళ్లనూ తెరవవలసిందే.

1980లలో ఇర్విన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎం.హెచ్.ను పోషించింది, తరువాతి దశకంలో ఎన్.ఎం.హెచ్. దానికి వారసురాలైంది. ఈలోగా 1992లో మైమ్ ప్రమాణం వచ్చి ఉత్తరం స్వరూపమే మారింది. ఇంగ్లీషేతర లిపులలోని పాఠాన్ని తరచుగా సంకేతాక్షరాలుగా మార్చి పంపుతారు. అటువంటి తెలుగు ఉత్తరంలోని మాటను ‘గ్రెప్’తో నేరుగా వెతికితే దొరకదు, ముందు మరొక సాధనంతో పాఠాన్ని విప్పుకోవాలి.