డబ్బా పోయింది, డేటా పోలేదు: నెట్‌వర్క్ డ్రైవ్ లోపలి చరిత్ర

కోహెడ నుంచి ఇంకో ఎపిసోడ్. కామెంట్లలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "బ్రో, ఇంట్లో వైఫైకి కలిపిన స్టోరేజ్ డ్రైవ్ ఆన్ అవ్వట్లేదు. లోపలి హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ఫొటోలన్నీ పోయినట్టేనా?"

పోలేదు. చాలా సందర్భాల్లో పోవు. కానీ ఎందుకు పోలేదో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. "ఈ బటన్ నొక్కండి, ఆ సాఫ్ట్‌వేర్ దించుకోండి" అని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. లోపల ఏముందో తెలియకుండా బటన్ నొక్కితే ఉన్నది కూడా పోతుంది. అందుకే ఈ రోజు ముందు కథ, తర్వాత పద్ధతి.

మొదటి హార్డ్ డిస్క్‌తో మొదలుపెడదాం. 1956 సెప్టెంబర్‌లో ఐబీఎం కంపెనీ ర్యామాక్ అనే యంత్రాన్ని ప్రకటించింది. దాని డిస్క్ యూనిట్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. బరువు టన్ను దాటేది. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు మీ ఫోన్‌లో తీసే ఒక్క మంచి ఫొటో అంత, అంతే.

తర్వాత మూడు దశాబ్దాల్లో డిస్కులు చిన్నవయ్యాయి, చవకయ్యాయి. కానీ చవక డిస్క్ అంటే తొందరగా చెడిపోయే డిస్క్ అని భయం. పెద్ద కంపెనీలు ఖరీదైన పెద్ద డిస్కులే వాడేవి. అప్పుడు అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు ముగ్గురు, డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్, 1988లో ఒక పేపర్ ప్రచురించారు. వాళ్ళ మాట సింపుల్. ఒక ఖరీదైన డిస్క్ బదులు చాలా చవక డిస్కులు కలిపి వాడదాం. వాటిలో ఒకటి చెడిపోతుందని ముందే అనుకుని, దానికి తగ్గట్టు రాసుకుందాం. దీని పేరే రెయిడ్.

ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. మొదటి డిస్క్‌లో 4 ఉంది. రెండో దాంట్లో 7 ఉంది. మూడో డిస్క్‌లో ఆ రెండిటి మొత్తం 11 రాసి పెట్టుకున్నాం. రెండో డిస్క్ కాలిపోయింది అనుకోండి. 11 లోంచి 4 తీసేస్తే 7 వచ్చేస్తుంది. పోయిన అంకె మళ్ళీ దొరికింది. నిజం రెయిడ్‌లో కూడికకి బదులు ఎక్స్ఓఆర్ అనే లెక్క వాడతారు, బీటెక్ మొదటి సంవత్సరంలో చదివే ఉంటారు. ఐడియా మాత్రం ఇదే. ఇంట్లో వాడే రెండు డిస్కుల డబ్బాల్లో ఇంకా తేలిక: రెండిటిలోనూ ఒకటే రాస్తారు. ఒకటి పోతే రెండోది ఉంటుంది.

ఇక రెండో పాయ. డిస్క్ ఒక చోట, వాడేవాళ్ళు ఇంకో చోట ఉంటే? 1984లో సన్ కంపెనీ ఎన్ఎఫ్ఎస్ తెచ్చింది. విండోస్ ప్రపంచంలో ఎస్ఎంబీ అనే భాష వాడేవారు, కానీ అది వేరే కంప్యూటర్లకి అర్థమయ్యేది కాదు. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే కుర్రాడు, నెట్‌వర్క్‌లో పోయే సమాచారాన్ని గమనిస్తూ, ఆ భాష మాట్లాడే ప్రోగ్రామ్ తనే రాసేశాడు. 1992లో బయటికి వదిలాడు. తర్వాత పేరు మార్చాల్సి వస్తే, ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే పదాల కోసం కంప్యూటర్ డిక్షనరీలో వెతికించాడు. దొరికిన పదం సాంబా. మీ ఫోన్‌లోంచి ఇంటి డ్రైవ్‌లోని సినిమా చూస్తున్నారంటే, చాలాసార్లు అవతల మాట్లాడుతున్నది సాంబానే.

మూడో పాయ మీకు తెలిసిందే. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి ప్రపంచానికి చెప్పాడు. 1993లో రెమీ కార్డ్ వగైరాలు దానికోసం ఎక్స్‌టీ2 అనే ఫైల్ సిస్టమ్ చేశారు. దాని మనవడు ఎక్స్‌టీ4, 2008 చివర్లో లినక్స్‌లో స్థిరపడింది. రెయిడ్ లెక్కలు కూడా లినక్స్‌లోనే ఎండీ అనే భాగంలో చేరిపోయాయి.

ఈ మూడు పాయలు కలిసిందే మీ ఇంట్లో ఉన్న డబ్బా. చిన్న ప్రాసెసర్, లోపల లినక్స్, డిస్కుల మీద ఎండీ రెయిడ్, దానిపైన ఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్, బయట మాట్లాడటానికి సాంబా. సైనాలజీ, క్యూనాప్ లాంటి పేరున్న డబ్బాల్లో చాలావాటి లోపల ఇదే అమరిక. పైన కంపెనీ స్టిక్కర్ మాత్రమే వేరు.

ఇప్పుడు అర్థమైందా, విండోస్ ఎందుకు ఫార్మాట్ చేయమంటోందో? డిస్క్ పాడైపోయి కాదు. విండోస్‌కి ఆ లిపి చదవడం రాదు. తెలుగు పుస్తకాన్ని తెలుగు రానివాడి చేతిలో పెడితే "ఇందులో ఏమీ లేదు, చెరిపేసి కొత్తగా రాసుకుందామా" అన్నట్టు ఉంటుంది. క్యాన్సిల్ నొక్కండి. ఆ పుస్తకం చదివేవాడు ఉచితంగానే దొరుకుతాడు. వాడి పేరు లినక్స్.

మా ఊరి ఉదాహరణ ఒకటి చెప్తా. 2020లో, కరోనా టైమ్‌లో, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని తాత్కాలికంగా మా కోహెడకి మార్చారు. మే నెలలో గాలివానకి ఇక్కడ వేసిన షెడ్లు కూలిపోయాయి, జనం గాయపడ్డారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మార్కెట్ బాటసింగారం పోయింది. షెడ్డు కూలింది కానీ మామిడి వ్యాపారం ఆగలేదు, చోటు మారింది. డబ్బా కూడా అలాంటి షెడ్డే. అడాప్టర్ కాలిపోవచ్చు, బోర్డు పోవచ్చు. సరుకు డిస్క్ మీద ఉంటుంది. దాన్ని ఇంకో చోటికి మార్చాలి, అంతే.

ఇటీవల తెలిసిన స్టూడియో అన్న ఒకాయన ఇలాంటి డబ్బానే పట్టుకొచ్చాడు. కరెంటు పెరిగి తగ్గి బోర్డు పోయింది. రెండు డిస్కుల్లో పదేళ్ళ పెళ్ళి వీడియోలు. వాటిలో ఒక కుటుంబం వాళ్ళది మళ్ళీ తీయడానికి లేదు. అందులో ఉన్న తాతగారు ఆ తర్వాత ఏడాది చనిపోయారు, ఆయన నడుస్తూ మాట్లాడుతూ ఉన్న వీడియో వాళ్ళకి అదొక్కటే. డిస్క్ ఒకటి తీసి మామూలు కంప్యూటర్‌కి పెట్టి, లినక్స్‌తో చదివితే అన్నీ అలాగే ఉన్నాయి. నేను చేసిన మాయేమీ లేదు. ఎప్పుడో ఎవరో ఆ లిపిని దాచిపెట్టకుండా అందరికీ ఇచ్చారు కాబట్టి అది సాధ్యమైంది.

సరే, పద్ధతి చూద్దాం.

ఒకటి, ముందు అడాప్టర్ మార్చి చూడండి. చాలా డబ్బాల రోగం అక్కడే ఉంటుంది.

రెండు, డిస్కులు తీసేముందు ఏ అరలో ఏది ఉందో స్కెచ్ పెన్‌తో నంబర్ వేయండి, ఫొటో తీసుకోండి.

మూడు, డిస్క్ టక్ టక్ అని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. అది లోపలి యంత్రం దెబ్బతిన్న గుర్తు. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు, ల్యాబ్ పని.

నాలుగు, శబ్దం లేకపోతే, అంతకంటే పెద్ద ఖాళీ డిస్క్ తెచ్చి ముందు నకలు తీయండి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. చదవడానికి వచ్చే భాగాలు ముందు లాగేసి, మొండికేసే భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది. ఇక నుంచి ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే. అసలు డిస్క్ పక్కన పెట్టేయండి.

ఐదు, పెన్ డ్రైవ్‌లో ఉబుంటు వేసి కంప్యూటర్‌ని దాంతో ఆన్ చేయండి. ఎండీఏడీఎం అనే ఆదేశంతో రెయిడ్‌ని కేవలం చదవడానికి మాత్రమే తెరవండి. ఫోల్డర్లు కనిపిస్తే కాపీ చేసుకోండి.

ఆరు, ఫోల్డర్లే కనిపించకపోతే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అని రెండు ప్రోగ్రాములున్నాయి. ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసి ఉచితంగా పెట్టాడు. ఫొటోరెక్ ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోదు. ప్రతి జేపెగ్ ఫొటో మొదట్లో ఒకే రకం గుర్తు ఉంటుంది కదా, ఆ గుర్తుల కోసం డిస్క్ అంతా జల్లెడ పడుతుంది. ఫొటోలు దొరుకుతాయి, కానీ పేర్లు, ఫోల్డర్లు ఉండవు. వేల ఫొటోలు అంకెల పేర్లతో కుప్పగా వచ్చి పడతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

డబ్బాలో పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని ఆ తాళం పోగొట్టుకుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు.

ఇప్పుడు రెయిడ్ ఉంటే చాలు అనుకునేవాళ్ళకి ఒక కథ. 1998. పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా తయారవుతోంది. ఎవరో ఒక ఆదేశం కొట్టారు, ఫైళ్ళన్నీ చెరిపేసే ఆదేశం. స్క్రీన్ మీద చూస్తుండగానే పాత్రలు ఒక్కొక్కటి మాయమవుతున్నాయి. సినిమాలో దాదాపు 90 శాతం పోయింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది కొన్ని వారాలుగా సరిగ్గా పనిచేయడమే లేదు. అప్పుడు గుర్తొచ్చింది గేలిన్ సస్మన్‌కి. ఆమె సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్. అప్పుడే బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తోంది. ఇంట్లో కంప్యూటర్‌లో సినిమా కాపీ ఒకటి ఉంది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి, మెల్లగా ఆఫీసుకి తెచ్చారు. చాలావరకు దొరికేసింది. తమాషా ఏంటంటే, తర్వాత కథ నచ్చక ఆ సినిమాని చాలావరకు మళ్ళీ తీశారు. 1999 నవంబర్‌లో విడుదలైంది.

ఇక్కడ రెయిడ్ ఉన్నా లాభం లేదు. చెరిపేయమని చెప్తే రెయిడ్ రెండు డిస్కుల్లోనూ విధేయంగా చెరిపేస్తుంది. డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడటమే దాని పని. మనిషి చెయ్యి జారడం నుంచి కాపాడేది ఇంకో ఇంట్లో ఉన్న కాపీనే.

"ఇది హాలీవుడ్ కథ బ్రో" అంటారా? తెలుగు కథ ఇంకా పెద్దది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన, ప్రపంచంలో పుస్తకాలన్నీ ఎవరైనా ఎక్కడి నుంచైనా చదవాలని కలగన్నారు. 2000ల మొదట్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి మిలియన్ బుక్ ప్రాజెక్ట్ మొదలైంది. మన దేశంలో దాని రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్‌సీతో పాటు మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్యమైన కేంద్రం. 2007లో 15 లక్షల పుస్తకాలు దాటామని ప్రకటించినప్పుడు, అందులో తెలుగువి దాదాపు 50 వేలు. చైనీస్, ఇంగ్లీష్ తర్వాత మన భాషే. అరబిక్ కూడా మన వెనకే.

గ్రంథాలయాల్లో పొడి అయిపోతున్న పాత పుస్తకాలు పేజీకో బొమ్మగా సర్వర్లలోకి వచ్చాయి. తర్వాత ఏమైంది? సైట్ ఓ రోజు వచ్చేది, ఓ రోజు వచ్చేది కాదు. చివరికి ఆగిపోయింది. ఆ సర్వర్ల మీదే అంతా ఆధారపడి ఉంటే, రెండోసారి స్కాన్ చేయడానికి కొన్ని పుస్తకాలు అసలు మిగిలి ఉండేవి కావు.

మిగిలింది ఎందుకంటే, అమెరికాలో పబ్లిక్ రిసోర్స్ సంస్థ నడిపే కార్ల్ మలామడ్ సర్వర్లు ఆగిపోకముందే ఆ పుస్తకాల కాపీ తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టించాడు. నాలుగు లక్షలకు పైగా పుస్తకాలు. ఇప్పుడు మీరు ఫోన్‌లో పాత తెలుగు పుస్తకం వెతికితే, ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015 అని మొదలయ్యే నంబర్‌తో ఒక పేజీ వస్తుంది చూడండి, అది అదే.

కానీ ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికొచ్చింది. ఆ పుస్తకాల్లో చాలావాటి పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో తప్పుగా ఎక్కాయి. రచయిత పేరు ఒకటైతే ఇంకొకటి ఉంటుంది. పుస్తకం ఉంది, దొరకదు. ఫొటోరెక్ తీసిన కుప్ప లాంటిదే. పేర్లు పోయిన డేటా సగమే తిరిగొచ్చినట్టు. మిగతా సగాన్ని తెచ్చింది మనుషులు. తెలుగు వికీపీడియా, వికీసోర్స్ వాళ్ళు కూర్చుని, పుస్తకం తెరిచి, అసలు పేరు చూసి, తెలుగులో జాబితాలు రాశారు. ఓపికగా చేసిన పని.

ఇంట్లో కూడా అంతే. ఆ కుప్పలో "ఈమె ఎవరు" అంటే చెప్పగలిగేది మీ అమ్మమ్మ. ఆమె ఉండగానే అడిగి పేర్లు రాసుకోండి.

చివరిగా ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లన్నిట్లో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. పైగా ఫ్లాష్ మెమరీలో చెరిపేసిన చోటుని ఫోనే శుభ్రం చేసేస్తుంది. డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెట్టే అవకాశం అక్కడ లేదు. ట్రాష్ ఫోల్డర్ దాటితే దాదాపు అయిపోయినట్టే. కాబట్టి ఫోన్‌లో ఉన్నది ఇంటి డ్రైవ్‌కి, ఇంటి డ్రైవ్‌లో ముఖ్యమైనది ఇంకో చవక డిస్క్‌కి. ఆ డిస్క్ మీ ఇంట్లో కాదు, అక్క వాళ్ళింట్లోనో దోస్త్ దగ్గరో పెట్టండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైల్ తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ సంగతి పిక్సార్ వాళ్ళకి తెలుసు.

మీ డబ్బా ఏ దశలో ఆగిందో కామెంట్‌లో రాయండి. డిస్క్ శబ్దం చేస్తోందా లేదా అన్నది మాత్రం తప్పకుండా రాయండి, జవాబు దాన్ని బట్టే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.