ఆ గీత ఎవరు గీశారు?

పసిపిల్లల్ని తూచకూడదు, దిష్టి తగులుతుందని మన అమ్మమ్మలనేవారు. ఇవాళ కర్నూలు రోడ్డుమీది కొత్తకోటలోనైనా, మరే ఊళ్ళోనైనా అంగన్‌వాడీకి వెళితే పిల్లని తూకానికి ఎక్కిస్తారు. ఆ బరువుని కార్డుమీద చుక్కగా పెడతారు. చుక్క ఆకుపచ్చలో పడితే నిశ్చింత, పసుపులో పడితే జాగ్రత్త, నారింజలో పడితే ఆపద. మరి ఈ రంగుల మధ్య గీతలు ఎవరు గీశారు?

మొదటి గీతల వెనక దుఃఖమే ఉంది. మెక్సికోలో గోమెజ్ అనే పిల్లల డాక్టరు, ఆస్పత్రిలో చేరిన బక్కపిల్లల్లో ఎంతమంది దక్కారో, ఎంతమంది దక్కలేదో బరువుల వారీగా లెక్క చూసి 1956లో ప్రకటించాడు. వయసుకు ఉండాల్సిన బరువులో నూటికి 90 పాళ్ళకు తగ్గితే మొదటి తరగతి, 75కు తగ్గితే రెండోది, 60కి తగ్గితే మూడోది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 1972 నుంచి ఊరూరా పిల్లల్ని తూచి, ఇలాంటి తరగతులతోనే లెక్కలు కట్టింది.

అయితే ఆ ‘ఉండాల్సిన బరువు’ ఎక్కడిది? అమెరికాలోని బోస్టన్ పిల్లలది! వాళ్ళతో మన పిల్లలకు పోలికేమిటని ఎవరైనా అడుగుతారు కదూ? ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశంతో సహా ఆరు దేశాల్లో, తల్లిపాలు తాగి, తిండికి లోటులేని ఇళ్ళల్లో పెరిగే పిల్లల్ని కొలిపించింది. చూస్తే అన్ని దేశాల పిల్లలూ ఇంచుమించు ఒకే తీరున ఎత్తు పెరిగారు! ఆ కొలతలు 2006లో వెలువడ్డాయి. 2008లో మన అంగన్‌వాడీ కార్డుకెక్కాయి. ఆ లెక్కన ఏడాది ఆడపిల్ల సుమారు 9 కిలోలుండాలి. 7 కిలోలకు తగ్గితే పసుపు. ఆరోగ్యంగా ఉన్న వందమందిలో అంత తక్కువ తూగేది ఇద్దరో ముగ్గురో. 6.3 కిలోలకూ తగ్గితే నారింజ. అలాంటివాళ్ళు వెయ్యిమందిలో ఒక్కరుంటే గొప్ప.

“మా వంశమే సన్నం” అని సరిపెట్టుకుంటాం. మన కన్ను పక్కింటి పిల్లతో పోల్చి చూస్తుంది. వాడంతా బక్కపిల్లలే అయితే బక్కదనమే మామూలనిపిస్తుంది. అక్కడే కార్డు అక్కరకొస్తుంది. గీత కింద పడ్డంత మాత్రాన పిల్లకు జబ్బు వచ్చిందని కాదు, ముందుగా ఎవర్ని కనిపెట్టుకోవాలో చెబుతుందంతే. ఆకుపచ్చలో ఉన్నా, రెండుమూడు నెలలు గీత పైకి పోకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

దిష్టి తీయండి, ఎవరు కాదన్నారు? కాని ముందు తూకం వేయించండి.