ఫుజివారా సెయికా జీవితం: జపాన్ నవ్య కన్ఫ్యూషియనిజం ఆవిర్భావం - పరిశీలన

ఉపోద్ఘాతం

తొకుగావా యుగపు (1603-1868) జపాన్‌లో నవ్య కన్ఫ్యూషియనిజానికి ఆద్యుడిగా ఫుజివారా సెయికాను (1561-1619) పేర్కొనడం పరిపాటి. ఒక మూలపురుషుడు, అతని నుండి సాగిన గురుశిష్య పరంపర అన్న ఈ చిత్రణను సెయికా జీవితంతో పోల్చి చూస్తే, ఆ విద్య నెలకొన్న తీరు అంత సరళం కాదని బోధపడుతుంది.

వంశ నేపథ్యం

సెయికా హరిమా ప్రాంతంలోని హొసొకావాలో, క్యోటో రాజాస్థానానికి చెందిన రెయిజెయి కులీన కుటుంబంలో జన్మించాడు. మహాకవి ఫుజివారా తెయికా (1162-1241) ఆ కుటుంబానికి పూర్వీకుడు. కవిత్వమే వారి వంశవిద్య. సెయికా మాత్రం చిన్ననాడే జెన్ బౌద్ధమఠంలో చేరాడు. 1578లో బెస్షో నగహరు అనే ప్రభువు జరిపిన దాడిలో తండ్రి, అన్న మరణించారు. అటుపై క్యోటోలోని షోకోకు-జి మఠం సెయికాకు ఆశ్రయమైంది. చైనా శాస్త్రగ్రంథాల అధ్యయనం అప్పట్లో ప్రధానంగా జెన్ మఠాలలో, కొన్ని ఆస్థాన కుటుంబాలలో సాగేది. సెయికా ఈ రెండు పరిధులనూ దాటాడు.

యుద్ధఖైదీతో విద్యాబంధం

1590లో క్యోటోకు వచ్చిన కొరియా రాయబారులతో సెయికా సంభాషించాడు. 1596లో చైనాకు బయలుదేరాడు కాని తుఫాను వల్ల ఆ ప్రయాణం విఫలమైంది. అతడు కోరిన విద్య చివరకు యుద్ధం మూలంగా అందింది. 1597లో జపాన్ సేనలకు చిక్కిన కొరియా పండితుడు కాంగ్ హాంగ్ (1567-1618), మరుసటి ఏడు క్యోటో సమీపంలోని ఫుషిమికి తరలింపబడినప్పుడు ఇద్దరికీ పరిచయమేర్పడింది. అకమత్సు హిరొమిచి అనే ప్రభువు పోషణలో కాంగ్ హాంగ్, తోటి ఖైదీలు చతుర్గ్రంథాలకు, పంచశాస్త్రాలకు ప్రతులు రాశారు. జు షి (1130-1200) సంప్రదాయాన్ని అనుసరించి సెయికా వాటికి జపనీయ పఠనచిహ్నాలు చేర్చాడు. 1600లో కాంగ్ హాంగ్ స్వదేశం చేరాడు. అదే ఏడు సెకిగహరా యుద్ధానంతరం హిరొమిచి ఆత్మహత్య చేసుకోవలసి వచ్చింది.

శిష్యుని రచనలో గురువు

అదే సంవత్సరం సెయికా కన్ఫ్యూషియన్ పండితుని వస్త్రాలు ధరించి తొకుగావా ఇయెయాసు ఎదుట నిలిచిన ఉదంతం, శిష్యుడు హయాషి రజాన్ (1583-1657) రాసిన గురుచరిత్ర ద్వారా ప్రసిద్ధమైంది. సెయికా తొకుగావా కొలువును స్వీకరించలేదు. కొలువులో చేరిన రజాన్ 1607లో తల గొరిగించుకొని, బౌద్ధ భిక్షువు రూపంలో సేవ చేయవలసి వచ్చింది. సిద్ధాంతంలోనూ వారి మధ్య అంతరముంది. జు షితో విభేదించిన లూ జియుయువాన్‌ను (1139-1193) రజాన్ తిరస్కరించగా, ఇద్దరి మార్గాలూ మూలంలో ఒక్కటేనని సెయికా భావించాడు.

ముగింపు

జు షి సిద్ధాంతానికే కట్టుబడిన ఆద్యునిగా సెయికాను నిలపడం రజాన్ పరంపర అవసరాలకు తగినది. ఆ చిత్రణలో గురువు సమన్వయ దృష్టి మరుగునపడింది. గ్రంథాలను చేతితో రాసిన ఖైదీల శ్రమ, వారిని పోషించిన ప్రభువు పాత్ర వెనుకకు జరిగాయి. జపాన్ నవ్య కన్ఫ్యూషియనిజం ఆవిర్భావాన్ని ఒక్కరి ప్రతిభగా కాక, యుద్ధం ఒకచోటికి చేర్చిన భిన్నదేశీయుల ఉమ్మడి కృషిగా పరిగణించడం సముచితం.