పరులు చూచిన మనదేశము

కొన్ని సంవత్సరములకు పూర్వము పరదేశ యాత్రికులను గూర్చి మేము వరుసగా కొన్ని ప్రసంగములు ప్రసారము చేసితిమి. విజయనగరమును గూర్చిన వారమున పోర్చుగీసువాడగు డొమింగో పేస్ వ్రాసిన వర్ణనను తెనిగించి చదివితిమి. 1520 ప్రాంతమున, కృష్ణదేవరాయల పాలనలో, ఆ నగరమును కన్నులార చూచినవాడు పేస్. అది రోము నగరమంత పెద్దదిగా తనకు తోచినదనియు, సమస్త వస్తువులును అంత సమృద్ధిగా లభించు పట్టణము లోకమున వేరొకటి లేదనియు అతడు వ్రాసెను. ప్రసంగము శ్రోతలకు నచ్చినది. మెచ్చుకొనుచు చాల ఉత్తరములు వచ్చినవి. వానిలో ఒక కార్డు మాత్రము మమ్ము ఆలోచనలో పడవేసినది. ఒక చిన్న పల్లెనుండి వచ్చిన కార్డు అది. "పేస్ మాటలు విని మా ఇంటిల్లిపాది సంతోషించితిమి. ఆ వెనుక పదునైదేండ్లకు నూనిజ్ అనువాడు అచ్చటి రైతులను గూర్చి వ్రాసిన పుట మీ పుస్తకమున లేదా?" అని ప్రశ్న.

పుట ఉన్నది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రలో పేస్, నూనిజ్ ఇరువురి రచనలును ఒకే అట్టల నడుమ ఉన్నవి. నూనిజ్ వ్రాసిన పుట ప్రక్కన మేము పెన్సిలుతో గీత కూడ గీసియుంటిమి. భూమి యావత్తు రాజుదనియు, రాజునుండి దానిని పొందిన నాయకులు రైతులచేత సాగుచేయించి పంటలో పదింట తొమ్మిదివంతులు తీసికొందురనియు, సామాన్యజనులు మిక్కిలి బాధపడుచుందురనియు ఆ పుటలోని సారాంశము. పదింట తొమ్మిదివంతులనుట అతిశయోక్తియని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. కాని మేము దానిని చదువకపోవుటకు అది కారణము కాదు. పేస్ చెప్పిన రోము పోలికను తూకమువేసి చూడవలెనని మాకు తోచలేదు గదా! కాలము చాలలేదని ఆ మహాశయునకు జవాబు వ్రాయబోయి, కలము మూసివేసితిమి.

దేశాభిమానము గలవానికి ఇది తెలియక వచ్చిన జబ్బు కాదు. ఇంచుమించు తెలిసియే తెచ్చుకొన్నది. మనదేశమును పొగడిన పరదేశి దొరికినచో వాని యోగ్యత ఏమని మనము అడుగము. తెగడినచో మొట్టమొదట అడుగునది అదియే. తలిదండ్రులు పిల్లలకు పాఠ్యపుస్తకములలో చూపించునవి మొదటి రకపు పుటలు. రెండవ రకపు పుటలు పండితుల అలమరలలో ఉండిపోవును. ఇట్టి అలవాటు మనకు నిన్నమొన్న వచ్చినదా? దాదాపు వేయేండ్లనాడే ఒక పరదేశి దీనిని కనిపెట్టి వ్రాసియుంచినాడు.

అతడు అల్బెరూని. మధ్య ఆసియాలోని ఖ్వారిజము దేశమున 973లో జన్మించిన గణితవేత్త, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. గజనీ సుల్తాను మహమూదు 1017లో ఆ దేశమును జయించినప్పుడు అచ్చటి పండితులతోపాటు ఇతడును గజనీ చేరవలసివచ్చెను. అనగా ఇతడు కూడ ఒక విధముగా మహమూదు దండయాత్రలో కొల్లబోయినవాడే. నలుబది దాటిన వయస్సున, ఇంచుమించు మా యీడున, ఇతడు సంస్కృతము నేర్వ మొదలిడెను. ఆ వయస్సున కొత్తలిపి దిద్దుట ఎట్టిదో మాకు ఊహకు అందును. ఒకే వస్తువునకు పలు పేర్లు, ఒకే పేరునకు పలు అర్థములు ఉండుట చూచి విసిగినట్లు తానే చెప్పుకొన్నాడు. ఐనను సొమ్మునకు వెనుదీయక గ్రంథములు సేకరించెను. తావు తెలిసిన పండితులను దూరమునుండి పిలిపించుకొనెను. సాంఖ్య, యోగ గ్రంథములను అరబ్బీలోనికి తెచ్చెను. సుమారు 1030లో మనదేశమును గూర్చి పెద్ద గ్రంథము ముగించెను.

ఆ గ్రంథారంభముననే మనవారి స్వభావమును గూర్చి కొన్ని కటువైన మాటలున్నవి. తమ దేశమువంటి దేశము, తమ రాజులవంటి రాజులు, తమ శాస్త్రములవంటి శాస్త్రములు వేరెచ్చటను లేవని హిందువులు తలంతురట. తెలిసిన విద్యను తమలోనే వేరొక కులమువానికి చెప్పుటకు సంకోచింతురట. ఇక పరదేశికి చెప్పుట మాట యేల? ఖురాసానులోనో పారశీకములోనో ఒక పండితుడున్నాడని చెప్పినచో, చెప్పినవాడు మూఢుడో అసత్యవాదియో యని భావింతురట. తన అనుభవము కూడ ఒకటి చెప్పినాడు. మొదట అతడు మన జ్యోతిష్కుల యెదుట శిష్యునివలె నిలిచియుండెను. కొంత నేర్చినపిదప తానే గణితములోని హేతువులను విప్పి చెప్పసాగెను. వారు ఆశ్చర్యపడి చుట్టు మూగి అడిగిన ప్రశ్న ఏమనుకొన్నారు? ఈ విద్య నీకు ఏ హిందూ గురువు నేర్పెనని!

ఈ ముచ్చట చదివి మేము నవ్వితిమి. పిదప నవ్వు ఆగినది. ఏలయన అల్బెరూని ఇంతటితో ఊరకుండలేదు. పరదేశీయులను తక్కువగా చూచుట తమవారిలోను ఉన్నదనియు, అది సర్వజాతులకు సామాన్యమనియు మొదటనే ఒప్పుకొన్నాడు. మన పూర్వులు ఇట్టి సంకుచితులు కారనియు చెప్పి, అందుకు వరాహమిహిరుని సాక్ష్యమే చూపినాడు. యవనులు మ్లేచ్ఛులైనను శాస్త్రమున నేర్పరులు గనుక ఋషులవలె పూజ్యులని ఆరవ శతాబ్దిలో ఆ మహనీయుడు వ్రాసెను. అంతకన్న విశేషము మరియొకటి. తన్ను పోషించు సుల్తాను దండయాత్రలవలన ఈ దేశపు సిరిసంపదలు నాశనమైనవనియు, జనులు ధూళివలె చెదరిపోయిరనియు, శాస్త్రములు కాశ్మీరము, కాశి మొదలైన దూరస్థలములకు తరలిపోయినవనియు, మనవారికి పరదేశీయులపై ద్వేషము కలుగుటకు ఇదియు ఒక కారణమనియు నిర్భయముగా వ్రాసినాడు. మనలను నిందించిన కలమే మనకు జరిగిన అన్యాయమును గూడ వ్రాసినది. మొదటిదానిని విడిచి రెండవదానిని మాత్రము ఎత్తిచూపుదుమా? అట్లు చేసిన ప్రసంగములును మేము వినియున్నాము. ఈ గ్రంథమును జర్మను పండితుడగు సఖౌ 1887లో అచ్చువేసి, మరుసటియేట ఆంగ్లములో ప్రకటించెను. మనలను గూర్చి వ్రాసిన ఇంతటి పుస్తకము మనలో అరబ్బీ రానివారి కంటబడుటకు ఎనిమిదిన్నర శతాబ్దములు పట్టినది.

ప్రతి నిందకుడును అల్బెరూని కాడు. జేమ్స్ మిల్ మనదేశచరిత్రను 1817లో ప్రకటించెను. అతడు ఈ దేశమున అడుగుపెట్టి యెరుగడు. ఈ దేశభాషలలో ఒక్కటియు నేర్వలేదు. అది లోపము కాదు, నిష్పక్షపాతముగా వ్రాయుటకు అనుకూలమని పీఠికలో వాదించెను. ఈస్టిండియా కంపెనీ కొలువునకు శిక్షణపొందు యువకులు అట్టి పుస్తకము చదివి మనలను పాలింప వచ్చిరి. ఇట్టివానిని గూర్చి ఎక్కువ చెప్పబనిలేదు.

పొగడ్తలలోను ఇట్టి తేడాలు ఉన్నవి. మన తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది మార్కోపోలో సాక్ష్యము. 1290 తరువాత చీనానుండి స్వదేశమునకు మరలుచు అతడు మన తీరమును గూర్చి విన్న సంగతులు చెప్పినాడు. మోటుపల్లిని ముత్ఫిలి యని పిలిచి, సాలెగూటివలె సన్నని వస్త్రములను, వజ్రములను, న్యాయముగా పాలించు ఒక రాణిని కొనియాడినాడు. ఆమె మన రుద్రమదేవియేయని సంతోషింపని తెలుగువాడు లేడు. కాని అతడు ఆమెను రాజుగారి భార్యగా, భర్తృవియోగము పొంది రాజ్యమునకు వచ్చినదానిగా తెలిపినాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె. నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన శాసనమునుబట్టి 1289 నాటికే ఆమె శివసాయుజ్యము పొందినది. అతడు ఈ సముద్రమున ప్రయాణించునప్పటికి ఆమె జీవించియే లేదు. ఇక లోయలలో మాంసపుముక్కలు విసరి, వానిని గ్రద్దలు ఎత్తుకొనిపోగా వానికి అంటిన వజ్రములను ఏరుకొందురను కథ కూడ అతడే చెప్పినాడు. దానిని మాత్రము మనము పిల్లల కథలలో చేర్చి, రాణి ప్రశంసను చరిత్రలో ఉంచుకొన్నాము. ఓడరేవుల ముచ్చటలు విని వ్రాసినవాని మాట ఎంతవరకు నమ్మదగునో, పొగడ్త విషయములోను అంతవరకే.

మోటుపల్లి గొప్పతనమునకు మార్కోపోలోకంటె నమ్మదగిన సాక్షి ఆ ఊరిలోనే ఉన్నది. నేటి బాపట్ల జిల్లాలోని ఆ గ్రామమున వీరభద్రస్వామి ఆలయములో గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. సముద్రవ్యాపారులను ఉద్దేశించి చెక్కించినది అది. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను, సమస్త సరకులను పూర్వరాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరనియు, ప్రాణమునకు తెగించి కడలి దాటి వచ్చువారియెడ దయతో తాము నిర్ణీతసుంకము తప్ప మరేమియు గైకొనమనియు అందు చెప్పబడినది. ఈ శాసనమును మేము మొదట చదివినప్పుడు రాజుగారి దయనే చూచితిమి. ఇప్పుడు మాకు మరియొకటి కూడ కనబడుచున్నది. పరదేశి వర్తకులు చదువవలెనని వేయించిన రాతిమీద, తనకు పూర్వులైన రాజులు చేసిన దోపిడిని అతడు దాచలేదు. దానిని ఒప్పుకొనుటచేతనే ఓడలు నమ్మి వచ్చినవి.

ఇట్టి ఒప్పుకోలు అన్నిటికంటె కష్టమైన ఘట్టము మన తాతముత్తాతల కాలమున, 1927లో వచ్చినది. ఆ ఏట అమెరికా రచయిత్రి కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' అను పుస్తకము ప్రకటించెను. బాల్యవివాహములు, ప్రసూతి మరణములు, అస్పృశ్యత, మురికి, వీనినే ఏరి పేర్చి, ఇట్టివారు స్వరాజ్యమునకు తగరని ఆమె సూచించినది. దేశమంతట ఆగ్రహము చెలరేగెను. సభలు జరిగెను, ఖండన గ్రంథములు వెలువడెను. లాలా లజపతిరాయ్ 1928లో 'అన్‌హ్యాపీ ఇండియా' వ్రాసి అమెరికాలోని జాతివిద్వేషమును ఎత్తిచూపెను. గాంధీజీ తన పత్రికలో ఆమె రచనను మురుగుకాలువలు తనిఖీ చేయువాని నివేదికతో పోల్చెను. ఈ పోలికను అందరును జ్ఞాపకముంచుకొన్నారు. అదే వ్యాసమున ఆయన చెప్పిన రెండవ మాటను చాలమంది మరచినారు. పరదేశీయులకు ఆ పుస్తకమువలన ఉపయోగము లేదు గాని, భారతీయుడు దానిని చదివి కొంత లాభము పొందవచ్చుననియు, ఆమె మోపిన రీతిగా నేరమును నిరాకరింపవచ్చును గాని అందులోని సత్యాంశమును నిరాకరింపరాదనియు ఆయన అభిప్రాయము.

ఆ సత్యాంశమును మనకు చెప్పుటకు మేయో రావలసిన పనిలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. మేయో పుస్తకమునకు అది నలుబదియారేండ్ల ముందటి మాట. ఎనిమిదేండ్లకు పెండ్లి, పదేండ్లకు వైధవ్యము అను దుఃఖమును ఆయన తెలుగులో, తన యింటివారికి, తన వీధివారికి చెప్పినాడు. అప్పుడు ఆయనకు దొరికినది వెలివేత. మేయోకు వ్యతిరేకముగా సభలు చేసినవారిలో వీరేశలింగము పంతులుగారి మాట చెవిని పెట్టని ఇండ్లవారు ఎందరుండిరో! బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో వచ్చినది. బాలికలకు పదునాలుగేండ్లు, బాలురకు పదునెనిమిదేండ్లు కనీస వయస్సుగా అది నిర్ణయించినది. ఆ శాసనము అమలులోనికి వచ్చులోపలనే త్వరపడి పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసిన కుటుంబములు కూడ దేశమున ఉన్నవి.

మేయో ఉద్దేశము మంచిది కాదు. ఆ విషయమున మాకు సందేహము లేదు. ఐనను, పదేండ్ల తల్లి మరణమునకు ఆమె ఉద్దేశముతో సంబంధమేమి? పరదేశి చెప్పినప్పుడు అవమానముగా తోచిన సంగతి, పొరుగింటి పంతులు చెప్పినప్పుడు దుఃఖముగా తోచకపోయినది. మేము ఈ వ్యాసము వ్రాయుచు పలుమారు ఇచ్చటనే ఆగిపోయితిమి.

ఇక ఆ కార్డు సంగతి. ఆలస్యముగానైనను మేము మరియొక ప్రసంగమున నూనిజ్ పుటను చదివితిమి. అతని లెక్క అతిశయోక్తి కావచ్చునని కూడ చెప్పితిమి. ఈ తడవ ఉత్తరములు అన్నియు మెచ్చుకోలు కావు. కీర్తిశేషులైన రాయలవారిమీద పోర్చుగీసువాడు వేసిన బురదను మేము ప్రసారము చేసితిమని ఒకరు కోపగించిరి. కార్డు వ్రాసిన మహాశయుడు మాత్రము మరియొక ప్రశ్న వేసెను. రైతును గూర్చి మనవారే చెప్పిన మాట ఎచ్చటను లేదా యని.

ఉన్నది. దానికై మేము శాసనములు వెదకితిమి. నూనిజ్ రాకకు నూరేండ్లకు పూర్వము, 1429లో, రెండవ దేవరాయల కాలమున, విజయనగర సామ్రాజ్యములో చేరియున్న తంజావూరు ప్రాంతపు పల్లెలలో చెక్కించిన శాసనములు కొన్ని కలవు. రాజోద్యోగులును భూస్వాములును పెట్టు బాధలకు తాళలేక వలంగై, ఇడంగై కులములవారు, అంతవరకు తమలో తాము కలహించుకొనుచుండినవారు, ఏకమై నిలిచిరి. ఏ పైరుకు ఎంత పన్ను చెల్లింపవలయునో తామే నిర్ణయించుకొని, అన్యాయపు వసూళ్లకు తోడ్పడువారిని శిక్షింతుమని ప్రతినపూనిరి. ఆ లెక్కలన్నియు గుడిగోడలమీద తమిళములో ఉన్నవి. వచ్చు ప్రసంగమున వానిని తెలుగుచేసి చదువ తలంచియున్నాము.