ఖబ్జా ఖర్చు మీద బహస్



తెలుగు అఖ్బార్లలో 'కబ్జా' అని చదివితే మనకు గుర్తొచ్చేది చెరువు శిఖం భూమో, వక్ఫ్ జమీనో. ఉర్దూలో ఒక ముల్కును పరాయి ఫౌజు పట్టుకున్నా మాట అదే: ఖబ్జా. జమీను తగాదాలో పెద్దమనుషులు ముందు అడిగేది 'అసలు మాలిక్ ఎవరు?' అని. ముల్కు ఖబ్జా అయినప్పుడు ఈ సవాల్ ఎలా మాయమవుతుందో ఇరాక్ తారీఖ్ చదివాక నాకు అర్థమైంది.

గ్యార్వీ ఫాతెహా ఇచ్చే మన ఇళ్లలో బగ్దాద్ పేరు తెలియనివారు ఉండరు. ఆ బగ్దాద్‌లోకి 1917 మార్చి 11న అంగ్రేజుల ఫౌజు దిగింది. అందులో చాలామంది హిందుస్తానీ సిపాయిలే. జయించడానికి కాదు, ఆజాద్ చేయడానికి వచ్చామని జనరల్ మాడ్ ఎలాన్ చేశాడు. మూడేళ్లయినా ఫౌజు కదల్లేదు. పైగా 1920 ఏప్రిల్‌లో, శాన్ రెమోలో, 'మాండేట్' పేరుతో ఇరాక్‌ను బ్రిటన్‌కే అప్పగించారు.

ఆ రంజాన్‌లో బగ్దాద్ మసీదుల్లో సున్నీలు, షియాలు కలిసి జల్సాలు జరుపుకున్నారు. జూన్ ఆఖరుకు ఫురాత్ నది ప్రాంతంలో బగావత్ లేచింది. దాన్ని అణచడానికి హిందుస్తాన్ నుంచి మళ్లీ పల్టన్లు వెళ్లాయి.

అప్పుడు లండన్‌లో బహస్ వేడెక్కింది. ఆగస్టు 22న 'సండే టైమ్స్'లో టి.ఇ. లారెన్స్ ఘాటుగా రాశాడు. తుర్కులు 14,000 మంది స్థానిక సిపాయిలతో నడిపిన చోట మనం 90,000 మందిని పెట్టాం, ఈ ఒక్క బగావత్‌లోనే సుమారు పదివేల మంది అరబ్బులను చంపాం అన్నాడు. పత్రికలు, పార్లమెంటు సభ్యులు కూడా నిలదీశారు. కానీ అందరికంటే గట్టిగా వినిపించింది పౌండ్ల లెక్క, పన్ను కట్టేవాడి జేబు. ఇరాకీల హక్ ఆ లెక్కల కింద పడిపోయింది.

ఖర్చు గురించి అడిగితే జవాబూ ఖర్చు గురించే వస్తుంది. 1921 మార్చిలో చర్చిల్ ఖాహిరాలో కాన్ఫరెన్స్ పెట్టి తేల్చింది ఇదే: ఫౌజును తగ్గించాలి, ఫైసల్‌ను బాద్‌షాను చేయాలి, కాపలా విమానాలకు అప్పజెప్పాలి. 1922 అక్టోబరులో రాయల్ ఎయిర్ ఫోర్స్ బాధ్యత తీసుకుంది. మాట వినని కబీలాల మీద బాంబులు పడ్డాయి. 1932లో ఇరాక్‌కు ఆజాదీ ఇచ్చారు గానీ వైమానిక స్థావరాలు వదల్లేదు. 1941లో అంగ్రేజుల ఫౌజు మళ్లీ బగ్దాద్ దాకా వచ్చింది.

ఆ బహస్ బేకార్ అని నేననను. దానివల్ల ఎందరో సిపాయిలు బతికి ఇళ్లకు చేరి ఉంటారు. అయితే ఖబ్జా పోలేదు, చవకైంది.

ఈ రోజుల్లోనూ ఏదో ఒక ముల్కులో పరాయి ఫౌజు ఇంకెన్నాళ్లు ఉండాలని టీవీలో బహస్ నడుస్తూనే ఉంటుంది. పిల్లలతో కూర్చుని అది చూసేటప్పుడు, బడ్జెట్ లెక్కలకంటే ముందు మన పెద్దమనుషుల సవాల్ వాళ్లకు చెప్పండి: అసలు మాలిక్ ఎవరు?